మా రుణ నివేదిక మాకు రుసుము లేకుండా అందాలి: గజపతి, రాయగడ జిల్లాల బ్యాంకు అధికారులకు బహిరంగ లేఖ

గజపతి, రాయగడ జిల్లాల జిల్లాస్థాయి సంప్రదింపుల కమిటీల్లో సభ్యులైన బ్యాంకు అధికారులకు, ఆ కమిటీల సమావేశాలు ఏర్పాటు చేసే లీడ్ జిల్లా మేనేజర్లకు,

నమస్కారాలు.

నేను పర్లాకిమిడిలో ఉంటూ మహిళా సంఘాలకు, కొన్ని చిన్న దుకాణాలకు లెక్కలు రాస్తుంటాను. పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ ప్రాంతాల్లోని తెలుగు కుటుంబాలు అప్పు కోసం బ్యాంకు మెట్లెక్కినప్పుడు ఎదురవుతున్న ఒక ఇబ్బందిని మీ దృష్టికి తేవడానికి ఈ లేఖ రాస్తున్నాను. ఇది కొత్త పథకం కోసమో, వడ్డీ రాయితీ కోసమో చేస్తున్న విన్నపం కాదు. రిజర్వు బ్యాంకు ఎప్పుడో ఇచ్చిన హక్కు మా ఊళ్ల దాకా చేరకపోవడం వల్ల, ఉచితంగా రావలసిన రుణ నివేదికకు, అంటే మన అప్పుల, వాయిదాల చరిత్ర రాసి ఉండే కాగితానికి, మా వాళ్లు డబ్బు కట్టుకుంటున్నారు. దాన్ని ఆపడం మీ చేతుల్లో ఉన్న పని.

మన దేశంలో రుణ చరిత్రను నమోదు చేసే కంపెనీలు నాలుగున్నాయి: ట్రాన్స్ యూనియన్ సిబిల్, ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హై మార్క్. ఇవన్నీ 2005 నాటి క్రెడిట్ సమాచార కంపెనీల నియంత్రణ చట్టం కింద రిజర్వు బ్యాంకు అనుమతితో పనిచేస్తున్నాయి. ఈ నాలుగింటిలో ప్రతి కంపెనీ, తన దగ్గర రుణ చరిత్ర ఉన్న ప్రతి వ్యక్తికీ, అడిగితే క్యాలెండర్ సంవత్సరానికి ఒకసారి స్కోరుతో (అప్పులు తీర్చిన తీరును బట్టి వేసే అంకెతో) సహా పూర్తి నివేదికను ఎలక్ట్రానిక్ రూపంలో ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2016 సెప్టెంబరులో ఆదేశించింది. 2017 జనవరి 1 నుంచి అది అమల్లో ఉంది. అంటే ఒక మనిషికి ఏడాదికి నాలుగు పూర్తి నివేదికలు పైసా ఖర్చు లేకుండా రావాలి. మూడు నెలలకొకటి చొప్పున తీసుకుంటే ఏడాది పొడవునా తన ఖాతాలను తానే గమనించుకోవచ్చు. మా దగ్గర మాత్రం అందరి నోటా వినిపించేది సిబిల్ ఒక్కటే. మిగిలిన మూడు కంపెనీల పేర్లు కూడా చాలామందికి తెలియవు, అక్కడ తమ మీద ఏం రాసి ఉందో అసలే తెలియదు. చిన్న రుణ సంస్థల దగ్గర వారం వారం వాయిదాలు కట్టే మహిళల వివరాలు ఆ కంపెనీలకూ చేరతాయి కాబట్టి ఇది వదిలేయదగ్గ విషయం కాదు.

ఇటీవల మా సంఘంలోని ఒక సోదరి రెండు కుట్టుమిషన్లు కొని దసరాకు ముందే దుకాణం తెరుద్దామని ఒక బ్యాంకు శాఖలో దరఖాస్తు పెట్టుకుంటే, "సిబిల్ బాగాలేదమ్మా" అన్న ఒక్క మాటతో అది వెనక్కి వచ్చింది. ఏ కంపెనీ నివేదిక చూశారో, అందులో ఏ ఖాతా అడ్డు వచ్చిందో ఎవరూ చెప్పలేదు. ఆవిడ బస్టాండు దగ్గర ఆన్‌లైన్ పనులు చేసే దుకాణానికి వెళ్లింది. అక్కడ మూడు వందలు తీసుకుని ఒక రంగుల కాగితం అచ్చుతీసి ఇచ్చారు. దాని మీద అర్ధచంద్రాకారంలో ఎరుపు నుంచి ఆకుపచ్చ దాకా ఒక పట్టీ, దాని మీద ఒక ముల్లు, కింద మూడంకెల స్కోరు, అంతే. ఏ అప్పు వల్ల ఆ ముల్లు ఎరుపు వైపు వాలిందో ఆ కాగితంలో ఒక్క అక్షరం లేదు. ఆ తర్వాత ఆవిడ పాన్ నంబరుతో, ఆవిడ ఫోనుకే వచ్చిన ఓటీపీతో ఉచిత పూర్తి నివేదిక తెరిచి, ఖాతాల భాగం దాకా దించి చూస్తే విషయం తేలింది. ఆవిడ జన్మలో కొనని ద్విచక్ర వాహనం మీద ఒక అప్పు ఆవిడ పేరున కూర్చుంది. నెలలవారీ చిన్న గళ్లలో, వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైందో చెప్పే చోట, 30 నుంచి మొదలై 60, 90 అని పెరుగుతూ పోయిన అంకెలున్నాయి. ఆ ఖాతా వివరాల్లోని చిరునామా మా ఊరిది కాదు, నదికి అవతల ఆంధ్ర వైపు గ్రామానిది. అదే పేరున్న మరొక మనిషి అప్పు ఈవిడ లెక్కలో కలిసిపోయింది. రాతపూర్వకంగా ఫిర్యాదు చేశాక ఆ ఖాతా తొలగింది కానీ, ఆ లోపల దసరా బేరం దాటిపోయింది.

ఈ ఒక్క సంఘటనలో ఇక్కడి పరిస్థితి అంతా ఉంది. స్కోరు వేరు, నివేదిక వేరు. 300 నుంచి 900 మధ్య ఉండే ఆ స్కోరు మనిషికి ఏమీ చెప్పదు, ఏం సరిచేసుకోవాలో అసలే చెప్పదు. చెప్పేదంతా నివేదికలోనే ఉంటుంది. ఏ బ్యాంకులో ఏ రకం అప్పు, ఎప్పుడు తీసుకున్నారు, ఎంత తీరింది, ఇంకా ఎంత బాకీ చూపుతోంది, ఆ వివరం చివరిసారి ఏ తేదీన పంపారు, గత మూడేళ్లలో ఏ నెల వాయిదా ఎన్ని రోజులు ఆలస్యమైంది, ఖాతాను 'సెటిల్డ్' (పూర్తి బాకీ కాక రాజీ మొత్తంతో ముగిసింది) అని రాశారా, 'రిటన్ ఆఫ్' (రాని బాకీగా లెక్కల్లోంచి తీసేశారు) అని రాశారా, ఎవరి అప్పుకైనా జామీను సంతకం పెట్టి ఉంటే ఆ అప్పు ఏ స్థితిలో ఉంది, ఇటీవల ఏయే సంస్థలు ఈ మనిషి నివేదికను తెరిచి చూశాయి అన్నవన్నీ అందులో ఉంటాయి. జామీను సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. బావమరిది ట్రాక్టరుకో, తోడల్లుడి కొట్టుకో మొహమాటానికి సంతకం పెట్టిన వారు మా వైపు ఎందరో ఉన్నారు. అసలు తీసుకున్నవాడు వాయిదా తప్పితే ఆ మచ్చ తమ నివేదికలో కూడా పడుతుందన్న సంగతి వారికి పూర్తి నివేదిక చూస్తే గాని తెలియదు. చిల్లర కొట్టువాడు కూడా మన పద్దు చూపించమంటే పుస్తకం తిప్పి పేజీ చూపిస్తాడు. అంతకంటే ఎంతో పెద్దదైన ఈ పద్దును మా వాళ్లు చూడకుండానే దానికి బాధ్యులవుతున్నారు.

సరిహద్దు జిల్లాల్లో పొరపాట్లు పడే అవకాశం మిగతా చోట్ల కంటే ఎక్కువ. ఇది ఎవరినీ నిందించడానికి కాదు, ఇక్కడి కాగితాల తీరే అంత. తెలుగువారు ఇంటిపేరు ముందు రాస్తారు, ఒడిశాలోని దరఖాస్తుల్లో అది చివరికి వెళుతుంది. పొడి అక్షరాలతో సరిపెట్టుకున్న పేరు పాన్ కార్డులో పూర్తిగా విడుతుంది. లక్ష్మి అన్న ఒక్క పేరునే ఇంగ్లీషులో ఆంధ్ర వైపు ఒక రకంగా, ఇక్కడ ఎక్స్ అక్షరంతో మరొక రకంగా రాస్తారు. వెంకటరావు ఒడియా కాగితం మీదుగా వచ్చేసరికి బెంకటరావు అవుతాడు. పుట్టినరోజు తెలియని పెద్దవాళ్లలో చాలామందికి జనవరి ఒకటో తేదీయే ఆధార్‌లో ఉంది. దీనికి తోడు ఒకే కుటుంబానికి బంగారం అప్పు ఆంధ్ర వైపు పాతపట్నంలో ఉంటుంది, పంట అప్పు ఇక్కడి శాఖలో ఉంటుంది, సంఘం అప్పు మరొక బ్యాంకులో ఉంటుంది. రెండు రాష్ట్రాల చిరునామాలతో, రెండు మూడు రకాల పేర్లతో ఉన్న ఒకే మనిషి ఆ కంపెనీల లెక్కలో ఇద్దరు కావచ్చు, ఇద్దరు మనుషులు ఒక్కరూ కావచ్చు. అందుచేత మా ప్రాంతంలో ఏడాదికొకసారి పూర్తి నివేదిక చూసుకోవడం ఎవరికైనా ఎంతో అవసరం.

ఫోను నంబరు మరో చిక్కు. అప్పు తీసుకునేటప్పుడు దరఖాస్తు నింపిన ఏజెంటు తన నంబరో, పట్నం పోయిన కొడుకు నంబరో రాసేస్తాడు. సూరత్‌లోనో హైదరాబాదులోనో ఉన్న ఆ కుర్రవాడు సిమ్ము మార్చేస్తాడు. ఇక ఓటీపీ ఎవరికి వెళుతుందో దేవుడికి తెలియాలి. నివేదికను ఎవరైనా తెరిచినప్పుడు, వాయిదా తప్పినట్టు వివరం పంపినప్పుడు ఎస్ఎంఎస్ ద్వారానో ఈమెయిలు ద్వారానో ఖాతాదారుకు తెలియజేయాలని రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరులో చెప్పింది. నంబరే తప్పయితే ఆ కబురు కూడా అందదు. మీ శాఖల్లో అప్పు ఖాతాలున్న ప్రతివారి ఫోను నంబరును, పేరు రాసిన తీరును పాన్ కార్డుతో సరిచూసే పనిని ఈ మూడు నెలల్లో చేపట్టమని కోరుతున్నాను. ఖరీఫ్ రుణాల రెన్యువల్‌కు రైతులు ఎలాగూ శాఖకు వస్తారు కనుక ఇందుకోసం విడిగా వారిని తిప్పాల్సిన అవసరం ఉండదు.

డబ్బు ఏయే దారుల్లో పోతోందో కూడా చెప్పాలి. మొదటిది, నేను చెప్పిన బస్టాండు దుకాణం వంటిది. అక్కడి కుర్రాళ్లు కష్టపడి పనిచేస్తారు, వారికి కూలి దక్కాలి, అచ్చు కాగితానికి, శ్రమకు కొంత తీసుకోవడాన్ని నేను తప్పుపట్టను. అయితే ఉచిత నివేదికను 'సిబిల్ ఫీజు' అని చెప్పి అమ్మడం వేరే సంగతి. ఉచిత ప్రతి వాడుకున్నాక మరో ప్రతి కావాలన్నా కంపెనీ ఒక్కో ప్రతికి 100 రూపాయలకు మించి తీసుకోరాదని నియమం ఉంది. 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో కూడా ఇదే చెప్పింది. రెండోది కంపెనీల వెబ్‌సైట్లలోని చందాలు. నెలకింత, ఏడాదికింత అని చూపించే ఆ ప్యాకేజీల్లో తరచుగా నివేదిక చూసుకునే సదుపాయం, హెచ్చరికలు వంటివి ఉండవచ్చు, కావలసినవారు కొనుక్కోవచ్చు. కాని ఉచిత నివేదిక కోసం వచ్చిన మనిషి అది తప్పనిసరి అనుకుని కట్టేస్తున్నాడు. ఉచిత నివేదికకు డెబిట్ కార్డు నంబరు ఇవ్వనవసరం లేదన్న ఒక్క మాట తెలిస్తే చాలామంది అక్కడే ఆగిపోతారు. ఉచితంగా స్కోరు చూపిస్తామని చెప్పే ఫోను యాప్‌ల సంగతి క్లుప్తంగా చెబుతాను: అవి తీసుకునే అనుమతిలో అప్పులు అమ్మేవారి ఫోన్లు రావడానికి ఒప్పుకోలు కూడా ఉంటుంది, చదవకుండా నొక్కకూడదు.

మూడోది అన్నిటికంటే నష్టం చేసేది. "సిబిల్ క్లియర్ చేయిస్తాం" అని ఐదు వేలు, పది వేలు తీసుకునే మధ్యవర్తులు తయారయ్యారు. నివేదికలోని వివరాన్ని మార్చగలిగేది ఆ వివరాన్ని పంపిన బ్యాంకు లేదా రుణ సంస్థ ఒక్కటే. అది ధ్రువీకరించకుండా కంపెనీ ఒక్క అంకె కూడా దిద్దదు. తప్పు పడితే దిద్దించుకోవడం ఉచితం. నిజంగా తప్పిన వాయిదాను చెరిపేసే శక్తి ఏ మధ్యవర్తికీ లేదు. బాకీ తీర్చి, ఆపైన వాయిదాలు సకాలంలో కట్టుకుంటూ పోవడం ఒక్కటే దానికి దారి. ఈ మాట నేను చెబితే సగం మంది నమ్ముతారు, శాఖ మేనేజరు చెబితే అందరూ నమ్ముతారు. తన నివేదిక తాను చూసుకుంటే స్కోరు తగ్గిపోతుందన్న భయం కూడా మా దగ్గర బలంగా ఉంది. సొంతంగా చూసుకోవడం వల్ల స్కోరు తగ్గదు. అప్పు కోసం ఒకేసారి నాలుగైదు చోట్ల దరఖాస్తు పెడితే, ఆయా సంస్థలు నివేదికను తెరిచిన సంఖ్య పెరిగి స్కోరు మీద ప్రభావం పడవచ్చు. ఈ తేడా కౌంటరు దగ్గరే చెప్పాలి.

ఇక దరఖాస్తు తిరస్కరించే వేళ. రుణం కోసం దరఖాస్తు చేసుకున్న వ్యక్తి, బ్యాంకు తెప్పించుకున్న తన రుణ సమాచార ప్రతిని ఆ బ్యాంకునే అడగవచ్చని, నిర్ణీత రుసుముతో బ్యాంకు దాన్ని ఇవ్వాలని 2005 నాటి చట్టంలోని 21వ సెక్షన్ చెబుతోంది. మా వాళ్లలో ఈ సెక్షన్ పేరు విన్నవారు లేరు, అడగడానికి ధైర్యమూ లేదు. అడగకుండానే మీరు ఒక చిన్న చీటీ మీద ఏ కంపెనీ నివేదిక చూశారో, ఏ ఖాతా వల్ల అభ్యంతరమో రాసి ఇస్తే చాలు. ఆ రెండు ముక్కలు చేతిలో ఉంటే మనిషి నేరుగా సరైన చోటికి వెళతాడు, లేకపోతే దుకాణాల చుట్టూ తిరుగుతాడు. అలాగే, ఇంతవరకు ఏ అప్పూ తీసుకోని వారి దరఖాస్తును, చరిత్ర లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చరాదని 2025 జనవరి నాటి రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదటిసారి బ్యాంకు గడప తొక్కే కోడలికి, కాలేజీ ముగించిన కుర్రవాడికి "సిబిల్ లేదు కాబట్టి కుదరదు" అని చెప్పి పంపడం ఈ జిల్లాల్లో ఆగాలి.

నేను అన్నిటికంటే గట్టిగా అడుగుతున్నది ఫిర్యాదుకు తేదీతో కూడిన రసీదు. నివేదికలో తప్పు ఉందని బ్యాంకుకు గాని, కంపెనీకి గాని ఫిర్యాదు చేసిన 30 రోజుల్లోగా అది పరిష్కారం కావాలి. కాకపోతే ఆ తర్వాత ప్రతి రోజుకూ 100 రూపాయల చొప్పున ఫిర్యాదుదారుకు పరిహారం చెల్లించాలి. 2023 అక్టోబరు 26న ఇచ్చిన ఈ ఆదేశం ఆరు నెలల తర్వాత, 2024 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. ఇందులో రుణం ఇచ్చిన సంస్థకు 21 రోజుల గడువు ఉంది. ఆ లోపల అది సరైన వివరం పంపకపోతే పరిహారం దాని బాధ్యత, పంపినా కంపెనీ దిద్దకపోతే కంపెనీ బాధ్యత. పరిష్కారమైన తర్వాత ఐదు పనిదినాల్లో ఆ సొమ్ము బ్యాంకు ఖాతాలో పడాలి. ఎంతో మంచి ఏర్పాటు ఇది. కాని రోజుల లెక్క ఎక్కడినుంచి మొదలైందో చూపించే కాగితం లేకపోతే ఈ ఏర్పాటంతా వృథా. మా వాళ్లు శాఖకు వెళ్లి నోటిమాటగా చెప్పుకుంటారు, "పై ఆఫీసుకు రాశాం, చూద్దాం" అన్న జవాబుతో తిరిగి వస్తారు. నెల గడిచినా, రెండు నెలలు గడిచినా తాము ఫిర్యాదు చేసినట్టు రుజువు ఉండదు. దయచేసి ప్రతి శాఖలోనూ రుణ నివేదిక ఫిర్యాదులకు ఒక రిజిస్టరు పెట్టండి, తెలుగులోనో ఒడియాలోనో రాసిన అర్జీని తీసుకోండి, తేదీ, ముద్ర వేసిన ప్రతిని చేతికివ్వండి.

అక్కడా న్యాయం జరగనివారికి రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు విని పరిష్కరించే ఏర్పాటు, ఉంది. 2022 సెప్టెంబరు నుంచి రుణ సమాచార కంపెనీలు కూడా దాని పరిధిలోకి వచ్చాయి, ఫిర్యాదుకు రుసుము లేదు. 14448 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడే ఏర్పాటు ఉంది. ముందు బ్యాంకుకో కంపెనీకో ఫిర్యాదు చేసి ఉండాలన్న షరతు ఉంది కాబట్టి, ఇక్కడ కూడా మళ్లీ ఆ రసీదే ఆధారం అవుతుంది.

ఖాతా మూసే రోజు గురించి కూడా ఒక మాట. అప్పు తీరిన రోజున బాకీ లేదన్న పత్రం ఇచ్చి పంపుతున్నారు, మంచిదే. 2025 జనవరి నుంచి వివరాలను కనీసం పదిహేను రోజులకోసారి కంపెనీలకు పంపాలన్న నియమం ఉంది కాబట్టి, "నెల తర్వాత మీ ఉచిత నివేదిక తీసి, ఈ ఖాతా మూసినట్టు, బాకీ సున్నా అని ఉందో లేదో చూసుకోండి" అని ఆ పత్రం కిందనే తెలుగులో, ఒడియాలో ఒక వాక్యం అచ్చు వేయించండి. వడ్డీ కింద మిగిలిపోయిన వంద, రెండు వందల రూపాయల బాకీతో ఖాతా తెరిచే ఉండిపోయి, ఆ సంగతి ఏళ్ల తర్వాత బయటపడిన కుటుంబాలు మా సంఘాల్లో ఉన్నాయి.

మా విన్నపం ఆచరణలో ఎలా ఉండాలో కూడా చెబుతాను. ప్రతి శాఖలో, ఏటీఎం పక్కన, జనసేవా కేంద్రాల గోడల మీద తెలుగులోనూ ఒడియాలోనూ ఈ కింది మాటలతో ఒక బోర్డు పెట్టించండి: "మీ రుణ నివేదికను నాలుగు కంపెనీలు ఏడాదికి ఒక్కోసారి ఉచితంగా ఇస్తాయి. దానికి పాన్ నంబరు, మీ పేరున ఉన్న ఫోను చాలు. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. స్కోరు కాగితం ఒక్కటే కాదు, పూర్తి నివేదిక అడగండి. తప్పు ఉంటే ఈ శాఖలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి." జనసేవా కేంద్రాలు అచ్చుకు, సహాయానికి ఎంత తీసుకోవచ్చో జిల్లా కలెక్టరు గారి అధ్యక్షతన ఉన్న మీ కమిటీయే చర్చించి, ఆ ధరను అదే బోర్డు కింద రాయించవచ్చు. ఇంగ్లీషులో వచ్చే నివేదికను చదివి చెప్పడానికి ఆర్థిక అక్షరాస్యత కేంద్రాల సిబ్బంది నెలకొక సంత రోజున కాశీనగర్‌లోనూ గుణుపురంలోనూ కూర్చుంటే, కొండ ఊళ్ల నుంచి దిగివచ్చే సవర కుటుంబాలకు కూడా మేలు జరుగుతుంది. వారిలో పెద్దవారు చాలామంది తెలుగు అర్థం చేసుకుంటారు, వారి పిల్లలకు ఒడియా వస్తుంది. సంఘాల తరఫున మేము చదువు వచ్చిన సభ్యులను పక్కన కూర్చోబెడతాం.

మూడు నెలలకొకసారి జరిగే మీ సమావేశంలో ఈ విషయాన్ని చర్చాంశంగా చేర్చి, రిజర్వు బ్యాంకు, నాబార్డు జిల్లా అధికారుల సమక్షంలో నిర్ణయం తీసుకుని, ఆ నిర్ణయం ప్రతిని జిల్లాలోని మహిళా సంఘాల సమాఖ్యలకు పంపించాలని కోరుతున్నాను. బోర్డు మీది తెలుగు పాఠాన్ని సరిచూసి ఇవ్వడానికి, మొదటి నెలల్లో సంత రోజు శిబిరాలకు మనుషులను సమకూర్చడానికి పర్లాకిమిడి సంఘాలు సిద్ధంగా ఉన్నాయి. మీ జవాబు కోసం ఎదురుచూస్తుంటాము.

ఇట్లు,
మహిళా సంఘాల లెక్కలు రాసే ఒక పౌరురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా